గ్రంథపరిష్కర్తలకు గిట్‌హబ్

ఒక గ్రంథమునకుఁ బెక్కు ప్రతులు దొరకినప్పుడు పరిష్కర్తకుఁ గలుగు చిక్కు మన చదువరు లెఱుఁగనిది కాదు. ఏ ప్రతిలో నే పాఠమున్నదో, తా నేది గ్రహించెనో, ఏల గ్రహించెనో చెప్పక తోఁచినట్లు దిద్దినచో, తరువాతివారికి మూలమును జేరు మార్గముండదు. దిద్దుబాటు జాడ మిగిలినచో నొకని తప్పును వేఱొకఁడు సవరింపఁగలఁడు. జాడయే లేనిచో సవరణమున కాధారము లేదు.

నేఁడు పరిష్కరణము కంప్యూటరుమీఁద సాగుచున్నది. అందుఁ బాతపాఠముపైఁ గ్రొత్తది వ్రాసి భద్రపఱచినతోడనే పాతది మాయమగును. ఫైళ్లకు “తుదిప్రతి”, “సరిచూచిన తుదిప్రతి” యని పేరులు పెట్టి, కొన్ని నెలల తరువాత వానిలో నేది తుదిదో తెలియక వెదకికొనువారు పెక్కండ్రు. ఈ చిక్కును దీర్చు సాధన మొకటి యుచితముగా లభించుచున్నది గాన దానిని వివరించుచున్నాను.

ఆ సాధనము పేరు గిట్. దీనిని 2005వ సంవత్సరమున లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించెను. లైనక్స్ కెర్నెలును నానాదేశములవారు కలిసి దిద్దుచుండిరి. వారు వాడుచుండిన బిట్‌కీపర్ అను సాధనమునకుఁ గల యుచితానుమతి యా యేఁట రద్దుకాఁగా, దానికి బదులుగా నిది పుట్టినది. కంప్యూటరు ప్రోగ్రాములకై పుట్టినదైనను, సాదా అక్షరములతో వ్రాసిన యే ఫైలునకైనను నిది యుపకరించును.

పని యొక దశకు వచ్చినప్పుడెల్ల మనము “కమిట్” చేయవలయును. అప్పటి ఫైళ్ల స్థితియు, చేసినవారి పేరును, కాలమును, కారణమును దెలుపు చిన్న వాక్యమును నందు భద్రమగును. “కాగితపుప్రతి పాఠమున యతిభంగము, తాటాకుప్రతి పాఠము గ్రహింపఁబడినది” యని వ్రాసినచోఁ జాలును. ప్రతి కమిట్టునకును దానిలోని విషయమునుండియే లెక్కకట్టిన 40 అక్షరముల గుర్తు గలదు. ప్రతిదానియందును దానికి ముందటిదాని గుర్తు చేరియుండును. కావున నడుమ నొక దానిని మార్చినచోఁ దరువాతి గుర్తులన్నియు మాఱిపోవును, మార్పు దాఁగదు.

ఇద్దఱు పరిష్కర్తలు వేఱువేఱుగాఁ బనిచేయఁదలఁచినచోఁ జెఱియొక “బ్రాంచి” నేర్పఱచుకొని తరువాతఁ గలుపుకొనవచ్చును. ఒకే పంక్తిని నిరువురును భిన్నముగా దిద్దియున్నచో గిట్ తాను నిర్ణయింపదు. రెండు పాఠములను ఎదుటఁబెట్టి యూరకుండును. పాఠనిర్ణయము పండితునిదే.

గిట్ మన కంప్యూటరులో నుండును. ఆ ప్రతిని నెట్టుమీఁద నుంచుటకు 2008లో మొదలైనది గిట్‌హబ్. దీనిని 2018లో మైక్రోసాఫ్టువారు కొనిరి. అక్కడ నుంచిన ఫైళ్లను వెబ్‌సైటుగా వెలువరించు వసతికి గిట్‌హబ్ పేజెస్ అని పేరు.

ఆరంభించు విధమిది. ఈమెయిలు నిచ్చి ఖాతా తెఱవవలయును. పిదప “న్యూ రిపాజిటరీ” యనుదానిని నొక్కి, పబ్లిక్ అని యెన్నుకొని, రోమనులిపిలో మన ఖాతాపేరునకుఁ జివర “డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓ” చేర్చి దానికిఁ బేరుగాఁ బెట్టవలయును. అందు “ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎమ్‌ఎల్” అను ఫైలును సృజించి, వ్రాయఁదలఁచినది వ్రాసి కమిట్ చేయవలయును. ఫైలు మొదట యూటీఎఫ్-8 అని పేర్కొనుట మఱవరాదు. లేనిచోఁ దెలుఁగక్షరములు వికృతముగాఁ గనఁబడవచ్చును. తరువాత సెట్టింగ్స్‌లోని పేజెస్ అను భాగమున “మెయిన్” బ్రాంచి యెన్నుకొనఁబడియున్నదో లేదో చూచుకొనవలయును. కొన్ని నిమిషములలో నా పుట లోకమునకుఁ గనఁబడును. రుసుము లేదు.

ఇవి స్థిరపుటలు. వ్రాసిపెట్టినదానిని ఉన్నదున్నట్లు పంపుటయే కాని, చదువరి యుత్తరములను గ్రహించి దాఁచుట వీనికి సాధ్యము కాదు. మూలము, పాఠాంతరములు, పీఠిక, పదసూచిక వీనికి స్థిరపుటలే చాలును. సైటు పరిమాణము 1 జీబీ మించరాదు. 100 ఎంబీకి మించిన ఫైలు స్వీకరింపఁబడదు. కాన తాటాకుల ఛాయాచిత్రములను వేఱొకచోట నుంచుట మేలు.

రెండు హెచ్చరికలు. మొదటిది: ఒకమాఱు బహిరంగముగా నుంచినదానిని తరువాత తొలఁగించినను, పూర్వపు కమిట్టులలో నది నిలిచియే యుండును. కావున ప్రతి స్వామి యనుమతియు, గ్రంథస్వామ్యపు హక్కును ముందే విచారింపవలయును. రెండవది: ఉచితముగా నిచ్చు సంస్థ శాశ్వతముగా నిచ్చునని నమ్మి యుండరాదు. అదృష్టవశమునఁ గిట్‌తో దింపుకొనిన ప్రతిలో రిపాజిటరీ చరిత్ర యంతయు నుండును. అట్టి ప్రతుల నొకటి రెండింటిని ఇంటను మిత్రులయొద్దను నుంచుకొనవలయును. ఏకప్రతియైన గ్రంథమున కెంత యపాయమో మనకుఁ దెలియును గదా.

తన నిర్ణయమునకుఁ గారణము చెప్పుట పరిష్కర్త ధర్మము. యంత్రము దానికిఁ జోటు మాత్రమే చూపును. ఆ చోట “దిద్దితిని” అని మాత్రము వ్రాసి విడిచినచో నింతటి సాధనమును వ్యర్థమే.