స్టెర్లింగు ఇంజను: క్రాంకుకేసులో గాలి ఒత్తిడి నిలుపుట

కోనసీమలో చేలలోని నీరు తోడుటకు, కొబ్బరితోటలు తడుపుటకు వాడు డీజిలు ఇంజను రైతులకు బాగుగా తెలిసినదే. దాని క్రాంకుకేసులో ఒత్తిడి పేరుకొనకుండ బ్రీదరు ఉండును. అది పూడినచో సీళ్ళ వద్ద ఆయిలు కారును. స్టెర్లింగు ఇంజను పద్ధతి ఇందుకు విరుద్ధము. అందు క్రాంకుకేసులోనికి గాలిని ఎక్కించి, బయటకు పోకుండ బిగించెదరు.

ఈ ఇంజనుకు 1816లో స్కాట్లండు మతగురువు రాబర్టు స్టెర్లింగు పేటెంటు పొందెను. మంట సిలిండరు వెలుపల ఉండును. లోపలి గాలి వేడెక్కుచు, చల్లబడుచు పిస్టనును నడుపును. కనుక వరి ఊక, కొబ్బరి డొక్కలు కూడ దీనికి వంటచెరకగును. 1980 దశకములో బంగ్లాదేశములో ఊకతో ఇట్టి ఇంజనులను నడిపి చూచిరి.

ఒత్తిడి ఎందుకు?

లోపలి గాలి ఎంత చిక్కనైనచో ఇంజను అంత శక్తి నిచ్చును. అయితే సిలిండరులో మాత్రమే ఒత్తిడి ఉన్నచో, గాలి పిస్టను ప్రక్కలనుండి జారిపోవును. బేరింగులపై భారము పడును. క్రాంకుకేసులో కూడ అదే సగటు ఒత్తిడి నిలిపినచో పిస్టనుకు రెండు ప్రక్కల సమముగా ఉండును. అప్పుడు ముఖ్యముగా కాపాడవలసినవి మూతల అతుకులు, షాఫ్టు బయటకు వచ్చు చోటు.

బిగించు విధము

మూతలకు గాడిలో రబ్బరు రింగు అమర్చి, బోల్టులను ఎదురెదురుగా సమముగా బిగించవలెను. షాఫ్టుకు సాధారణ ఆయిలు సీలు చాలదు. ఒత్తిడికి తగిన సీలు వేయవలెను. ఊక బూడిదలో ఇసుక వంటి సిలికా హెచ్చు. అది సీలును, షాఫ్టును అరగదీయును. రాజోలు తీరపు ఉప్పుగాలికి షాఫ్టు త్రుప్పు పట్టినను సీలు చెడును. కావున ఆ చోట దుమ్ము మూత వేసి, తరచు తుడువవలెను.

తప్పక పాటించవలసినవి

1. 20 సెంటీమీటర్ల వెడల్పు గల గుండ్రని మూతపై, చదరపు సెంటీమీటరుకు 5 కిలోల చొప్పున, సుమారు 1,570 కిలోల త్రోపు పడును. ఇది 75 కిలోల ధాన్యపు బస్తాలు 21 పేర్చినట్లు. కావున పాత డీజిలు ఇంజను క్రాంకుకేసును ఇందుకు వాడరాదు.

2. ఒత్తిడి గాలిలో ఆయిలు తుంపర అంటుకొని ప్రేలవచ్చును. ఇట్టి క్రాంకుకేసులో ఆయిలు పోయక, గ్రీజు నింపి మూసిన బేరింగులను వాడుట మేలు. గాలికి బదులు నైట్రోజను మరింత క్షేమము. ఆక్సిజను ఎన్నడును ఎక్కించరాదు.

3. క్రొత్త కేసును బేరింగులు అమర్చకముందే నీటితో నింపి, నడుపు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, తెలిసిన మెకానిక్కుచే పరీక్షింపవలెను. పిదప కొద్ది గాలి ఎక్కించి, అతుకులపై సబ్బునురుగు పూసినచో కారు చోటు బుడగలతో తెలియును.

4. ఒత్తిడి మీటరు, సేఫ్టీవాల్వు లేక నడుపరాదు. గాలి పూర్తిగా వదలక ఒక్క బోల్టునైనను సడలించరాదు.