కవల బిడ్డల ఫోటో: ముచ్చటకు ముందు క్షేమం

కవలలు పుట్టిన ఇంట దైవానుగ్రహం రెండింతలు, బాధ్యతా రెండింతలే. ఏడవ రోజున అఖీఖా, నామకరణం జరిగే వేళకే ఇద్దరినీ ఒకే చిత్రంలో చూసుకోవాలని బంధువులు ముచ్చటపడతారు. పసికందులను బుట్టలో పడుకోబెట్టి ఫోటో తీయించడం మన కర్నూలు, కడపల్లోనూ వాడుకగా మారింది.

కవలలు తరచుగా నెలలు నిండకముందే, 2.5 కిలోల కన్నా తక్కువ బరువుతో పుడతారు. వారి ఒంటి వేడి త్వరగా తగ్గిపోతుంది. అందుచేత బట్టలు విప్పి ఏసీ గదిలో ఉంచరాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన సీమ ఎండలో బయటికి తీసుకుపోవడమూ క్షేమం కాదు. ఉదయం పూట, పాలు తాగి నిద్రించినప్పుడు, ఇంటి కిటికీ వెలుగే చాలు.

ఇద్దరినీ పక్కపక్కన వెల్లకిలా పడుకోబెట్టాలి; ఒకరిపై ఒకరిని ఆనించరాదు. దాదాపు మూడు నెలల వరకు బిడ్డకు మెడ నిలవదు. చేతులపై గడ్డం మోపినట్లు కనిపించే చిత్రాలను, పెద్దలు తల పట్టుకొని ఉండగా తీసిన రెండు ఫోటోలను కలిపి, ఆ పెద్దల చేతులను చెరిపివేసి తయారుచేస్తారు. దానిని ఇంట అనుకరించరాదు. తల్లి చేయి ఎల్లప్పుడూ అందేంత దూరంలో ఉండాలి.

ఒక్క బిడ్డ ఏడ్చినా ఫోటో ఆపి పాలు పట్టవలసిందిగా తల్లులకు మేము మనవి చేస్తున్నాము. చిత్రం రేపైనా తీసుకోవచ్చు. ఈ బిడ్డలు అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు.