లొట్టి, సున్నము, కాలము

విదేశములలో ఇంటివద్ద పేల్ ఏల్ అను బీరు కాచువారు ముందుగా బార్లీమొలకలను, చేదునిచ్చు హాప్ పువ్వులను, ఈస్టును కొలుచుకొందురు. మన దేవరుప్పుల వైపు గీత కార్మికునకు ఈ కొలతలు లేవు. చక్కెరను తాడిచెట్టే యిచ్చును. ఈస్టు గాలినుండియు, పాతలొట్టి గోడలనుండియు వచ్చును. అతని చేతిలోనున్నవి రెండే: సున్నము, కాలము. లోపల సున్నము పూసిన లొట్టిలో రసము పులియక నీరాగా నిలుచును. పూయనిచో రాత్రికి రాత్రియే పులిసి కల్లగును. సాయంకాలమునకు పులుపు మిక్కుటమగును. హాప్ చేదు బీరును కొంత కాపాడును. కల్లునకు అట్టి రక్షణ లేదు. నీళ్లు కలిపి, పోయిన మత్తునకు బదులు క్లోరల్ హైడ్రేటు కలుపు దురాచారము కలదు. అది పులియుటవలని మత్తు కాదు, విషము. చెట్టునుండి అప్పుడే దింపిన లొట్టిని మేము శంకింపము. సీసాలో వచ్చి, ప్రొద్దు వాలినను పులుపెక్కని కల్లును శంకింతుము.