పుల్లయ్యగారి పిన్న హాస్యచిత్రములు

ఏ పాఠశాల వార్షికోత్సవమున జూచినను ఒక ఆచారము కనబడును. హరిశ్చంద్రుని కాటిసీను ముగిసి, సభవారు కన్నీరు తుడుచుకొనుచుండగా, తెర మరల లేచి పదినిమిషముల ప్రహసన మొకటి జరుగును. పెద్దలు దానిని గొప్పగా నెంచరు. అయినను మరునాడు తరగతిలో బాలురు చెప్పుకొని నవ్వునది దానిని గూర్చియే. ఇట్టి చిన్న హాస్యములకు తెలుగు చలనచిత్రములలో చోటు కల్పించిన వారిలో చిత్తజల్లు పుల్లయ్యగా రొకరు. వారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ దలచినారము.

పుల్లయ్యగారి పేరు వినగనే 'లవకుశ' జ్ఞప్తికి వచ్చును. మాటలులేని చిత్రముల కాలముననే కాకినాడలో 'మార్కండేయ' కథను చిత్రముగా తీసిన సాహసి ఆయన. ఆనాడు ఆంధ్రదేశమున మాటల చిత్రములు తీయు వసతులు లేకుండుటచే కలకత్తాకు బోయి, ఈస్టిండియా ఫిలిం కంపెనీవారికి 1933లో 'సావిత్రి'ని, 1934లో 'లవకుశ'ను తీసిరి. 'లవకుశ'ను చూచుటకు పల్లెలనుండి జనులు బండ్లు కట్టుకొని వచ్చిరి. ఆ కథనే వారు రంగులలో మరల ప్రారంభింపగా, కుమారులగు సి. యస్. రావుగారు పూర్తిచేసిరి, అది 1963లో వెలువడెను. ఇంతటి కరుణరసమును పండించిన వారే హాస్యచిత్రములను గూడ తీసిరని యెరిగినవారు కొలదిమంది.

1937లో 'చల్ మోహనరంగ', 1938లో 'కాసులపేరు' అనునవి వారి పిన్న హాస్యచిత్రములు. ఈ పేర్లనే చూడుడు. ఒకటి జనుల నోట నాడు పాటలోని మాట. మరియొకటి మన యవ్వల మెడలలో మెరిసిన నగ. పురాణపురుషుని పేరు రెంటను లేదు. దేవతల కథలే తెర నేలుచున్న కాలమున ఇంటి మాట, వీధి మాట తెర కెక్కుట సామాన్యము కాదు.

పిన్న చిత్రమన నేమో బాలురకు తెలియవలెను. మాటల చిత్రమున వేయి అడుగుల చుట్ట యొకటి రమారమి పదునొకండు నిమిషము లాడును. పెద్ద కథకు ఇట్టి చుట్టలు పదునైదో, యిరువదియో కావలెను. చిన్న హాస్యము కొలది చుట్టలతోనే ముగియును. వ్యయము తక్కువ గనుక క్రొత్త నటుని పరీక్షింపవచ్చును, క్రొత్త పోకడ పోవచ్చును. తప్పినను నష్టము స్వల్పము. అమెరికాలో చార్లీ చాప్లిన్ 1914 ఒక్క సంవత్సరముననే ముప్పదికి పైగా ఇట్టి పొట్టి చిత్రములలో నటించి చేయి తిప్పుకొనెను. 1921లో వచ్చిన 'ది కిడ్' వంటి గొప్ప చిత్రమునకు ఆ చిన్నవే బడి.

మనకును ఇది క్రొత్త విద్య కాదు. భరతముని చెప్పిన దశరూపకములలో ప్రహసన మొకటి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు సంఘదోషములను ఖండించుటకు ప్రహసనముల నెన్నిటినో వ్రాసిరి. కోపముతో చెప్పిన మాట చెవి దాటదు. నవ్వించి చెప్పిన మాట లోనికి దిగును.

పుల్లయ్యగారు చిన్నవారిని, చిన్నవానిని నమ్మినవారు. 1936లో 'అనసూయ', 'ధ్రువ విజయము' అను రెండు కథలను బాలబాలికలచే నటింపజేసిరి. నాటి అనసూయ పాత్రధారిణి కృష్ణవేణిగారే 1949లో 'మనదేశము' నిర్మించి, నందమూరి తారకరామారావుగారిని తెరకు పరిచయము చేసిరి. 1935లో తెర కెక్కిన రేలంగి వేంకటరామయ్యగారు పెద్ద పేరు రాకపూర్వము పుల్లయ్యగారియొద్ద చాలకాలము సహాయకులై పనిచేసిరి. ఆ శిష్యుడే తెలుగువారి నెల్లర నవ్వించి, 1970లో పద్మశ్రీ బిరుదము నందెను. గురువుగారి హాస్యపు చేయియు ఆరిపోలేదు. 1953లో 'పక్కింటి అమ్మాయి', 1960లో 'దేవాంతకుడు' వారివే. తొలినాట 'మార్కండేయ' తీసినవారు, కడపట యమలోకమునే నవ్వులపాలు చేసిరి!

మన జిల్లావారికి నాగయ్యగారు చక్కగా తెలియుదురు. చిత్తూరు రామవిలాస సభ రంగస్థలమునుండి వెడలి, 'పోతన', 'త్యాగయ్య' చిత్రములతో దేశమంతట పూజింపబడిరి. ఊరిపేరే వారి యింటిపేరైనది గనుక ఊరే వారిని జ్ఞప్తియందుంచుకొన్నది. పెద్ద చిత్రములను భక్తి మోయును. చిన్న హాస్యమును మోయువా రెవరు?

ఆ కాలపు ఫిలిం సెల్యులోస్ నైట్రేట్‌తో చేయబడినది. అది సులభముగా మండును. మండకున్నను, వేడికిని తేమకును జిగురై, తుదకు పొడియగును. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో గాని యేర్పడలేదు. ఆలోపల 1930 మొదలు పదేండ్లలో వచ్చిన చిత్రములు పెక్కులు నశించెను. ముఖ్యములని తోచినవానినే జనులు దాచుకొందురు. నవ్వి మరచినవానిని దాచుకొనరు. అందువలన పుల్లయ్యగారి 'లవకుశ'ను ఎల్లరు నెరుగుదురు; 'కాసులపేరు' అన్న నగ యనుకొందురు.

విద్యార్థులారా! మీరు వ్రాసి, ఆడి, నవ్వించి, తెర దింపగనే పారవేయు ప్రహసనముల ప్రతులను ఇకమీదట పారవేయకుడు. తేదీ వేసి, ఆడినవారి పేర్లు వ్రాసి, పాఠశాల గ్రంథాలయమున నుంచుడు. మీలో రేలంగి యెవరో, పుల్లయ్య యెవరో నేడు మాకు తెలియదు. తెలియునాటికి ఆ కాగితము మిగిలియుండవలెను.