రొమ్ము క్యాన్సర్‌కు హార్మోన్ ఆధారిత మాత్రలు: ఎవరికి, ఎంతకాలం?

2022లో భారతదేశంలో సుమారు 1.92 లక్షల మంది మహిళలు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బారిన పడినట్లు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా వేసింది. అయితే రొమ్ము క్యాన్సర్లన్నీ ఒకే విధమైనవి కావు. కణితి నుంచి తీసిన ముక్కను పరీక్షించినప్పుడు అందులోని కణాలకు ఈస్ట్రోజెన్ లేదా ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ను అందుకొనే గ్రాహకాలు ఉన్నట్లు తేలితే, దానిని హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ క్యాన్సర్‌గా వ్యవహరిస్తారు. ఆ హార్మోనే కణితి పెరుగుదలకు ఊతమిస్తుంది కనుక దానిని అడ్డుకోవడమే ఈ చికిత్స లక్ష్యం.

ఈ ఆలోచన కొత్తది కాదు. గ్లాస్గో శస్త్రవైద్యుడు జార్జ్ బీట్సన్ అండాశయాలను తొలగించడం ద్వారా కణితి తగ్గిన ఉదంతాన్ని 1896లోనే ప్రకటించారు. ఇంగ్లండ్‌లో గర్భనిరోధక మందుల కోసం జరిగిన అన్వేషణలో లభించిన టామోక్సిఫెన్, ఆ పనికి అక్కరకు రాకపోయినా, 1977లో అమెరికాలో క్యాన్సర్ మందుగా ఆమోదం పొందింది. ఇది గ్రాహకాన్ని ఆక్రమించి ఈస్ట్రోజెన్‌కు చోటు లేకుండా చేస్తుంది. బహిష్టులు ఆగిపోయిన స్త్రీలకు సాధారణంగా లెట్రోజోల్, అనస్ట్రోజోల్ వంటి మందులు సూచిస్తారు. ఇవి శరీరంలో ఈస్ట్రోజెన్ తయారీనే తగ్గిస్తాయి.

వ్యాధి ఇతర అవయవాలకు వ్యాపించినవారికి వీటితోపాటు కణ విభజనను నిలువరించే పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ వంటి మాత్రలు ఇస్తున్నారు. పాల్బోసిక్లిబ్‌ను 21 రోజులు వాడి 7 రోజులు విరామం ఇస్తారు. తెల్ల రక్తకణాలు తగ్గే అవకాశం ఉన్నందున రక్తపరీక్షలు తప్పనిసరి. దీని పేటెంటు 2023 జనవరిలో మన దేశంలో ముగియడంతో స్వదేశీ సంస్థల మందులు తక్కువ ధరకు అందుబాటులోకి వచ్చాయి. ఇవి వ్యాధిని చాలాకాలం అదుపులో ఉంచుతాయే గాని సమూలంగా నయం చేయవు. "మాత్రతో క్యాన్సర్ మాయం" వంటి శీర్షికలు రోగుల కుటుంబాలకు మేలు చేయవని పాత్రికేయ మిత్రులకు మనవి.

అసలు చిక్కు మరొకచోట ఉంది. తొలిదశలో శస్త్రచికిత్స అయిన పిదప హార్మోన్ మాత్రలను కనీసం 5 సంవత్సరాలు వాడవలసి ఉండగా, గాయం మానింది కదా అని కొందరు మధ్యలోనే ఆపివేస్తున్నారు. టామోక్సిఫెన్‌ను 5 సంవత్సరాలకు బదులు 10 సంవత్సరాలు వాడినవారిలో వ్యాధి తిరగబెట్టడం, మరణాలు మరింత తగ్గినట్లు 2012లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం నిరూపించింది. ఒంట్లో ఆవిర్లు, కీళ్లనొప్పులు వంటి ఇబ్బందులు ఉంటే వైద్యునికి చెప్పాలి తప్ప మాత్రలు మానరాదు. టామోక్సిఫెన్ వాడేవారికి బహిష్టులు ఆగిన తరువాత రక్తస్రావం కనిపిస్తే వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

గ్రాహకాల ఫలితం లేని బయాప్సీ నివేదికతో ఈ చికిత్స మొదలుపెట్టడం సాధ్యం కాదు. మైనంలో భద్రపరచిన కణితి ముక్కపై ఈ పరీక్షను తరువాతనైనా చేయవచ్చు. కనుక రోగిని మరో ఆసుపత్రికి పంపేటప్పుడు నివేదికతోపాటు ఆ బ్లాకును కూడా జతచేసి పంపవలసిన బాధ్యత సంబంధిత అధికారులపై ఉన్నది.