నెగళ్లకును కుంపట్లకును తగిన వంటచెఱకు

చలికాలమున ఉత్తర హిందూస్థానమునందును దక్కను పీఠభూమియందును పెరటిలో గుంత త్రవ్వి నెగడు వేసికొనుటయు, గదిలో కుంపటి నుంచుకొనుటయు వాడుక. అందు కాల్చు కట్టెను గూర్చి శ్రద్ధ వహించువారు అరుదు. అడితిలో ఏది చవుకగా దొరికిన దానినే కొందురు.

అప్పుడే నఱికిన కట్టె తూకములో సుమారు సగము నీరే. కట్టెలు తూకమునకు అమ్మబడును గావున కొనువాడు నీటికి సొమ్ము చెల్లించుచున్నాడు. పిమ్మట ఆ నీటిని ఆవిరి చేయుటకు తన మంటలోని వేడినే వ్యయపఱచుచున్నాడు. ఇట్లు చల్లబడిన మంటలో కట్టెనుండి వెలువడు వాయువులు పూర్తిగా మండక పొగయై ఊపిరితిత్తులకు హాని చేయును. ఇండ్లలో కట్టెలు, పిడకలు, బొగ్గులు, కిరసనాయిలు కాల్చుటవలని పొగచే 2020వ సంవత్సరమున ప్రపంచమున సుమారు 32 లక్షలమంది అకాలమరణము పొందిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

తుమ్మ, చింత, సరుగుడు గట్టి కట్టెలు. వాని నిప్పు చాలసేపు నిలుచును. సరుగుడు పచ్చిదైనను మండునని ప్రతీతి. అది నిజమే కాని అందలి నీరు ఎక్కడికిని పోదు. ఏ కట్టెయైనను మణికట్టు లావున చీల్చి, నేల తాకకుండ దుంగలపై పేర్చి, పైన మాత్రము కప్పి, ప్రక్కలను గాలికి విడిచి, ఆఱు నెలలు మొదలు ఏడాది వఱకు ఉంచవలెను. అంతయు పట్టాతో చుట్టివేసినచో తేమ లోపలనే నిలిచి బూజు పట్టును. ఆరిన కట్టె చివరలు నెఱ్ఱెలు విచ్చును. రెండు ముక్కలను తాటించిన ఖణిల్లుమని మ్రోగును. పచ్చిది దబ్బుమనును. అడితిని తనిఖీ చేయు ఉద్యోగికి మొదటి పరీక్షకు ఇది చాలును.

రంగు వేసిన పాత తలుపులు, చెదమందు పట్టించిన స్తంభములు, టైరు ముక్కలు, గన్నేరు కొమ్మలు మంటలో వేయరాదు. పాత రంగులలోని సీసమును, కొన్ని చెదమందులలోని ఆర్సెనిక్కును బూడిదలో మిగులును; ఆ బూడిదతోనే గిన్నెలు తోముదురు, కూరపాదులకు చల్లుదురు.

కట్టె ఎంత యెండినదైనను తీఱని అపాయ మొకటి కలదు. పొగ లేదు గదాయని బొగ్గుల కుంపటిని పడకగదిలోనికి తెచ్చి తలుపులు బిగించుకొన్నవారు తెల్లవారుసరికి మృతులైరను వార్త ప్రతి శీతకాలమును వినవచ్చును. బొగ్గుల నిప్పునుండి పుట్టు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హిమోగ్లోబినుతో ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బిగువుతో చేరును. తలనొప్పి, వాంతి, మగత కనబడినచో రోగిని వెంటనే బయటిగాలికి చేర్చి, ఆలస్యము లేక ఆసుపత్రికి పంపవలెను. రాత్రి ఆశ్రయములందును కావలివాండ్ర గదులందును ఈ సంగతిని చలి మొదలుకాకమునుపే నోటిమాటగా చెప్పించుట మేలు. గోడకంటించిన ప్రకటనను ఎల్లరును చదువుదురని నమ్మరాదు.