గాడిద ఎందుకు ఆగింది?

ఇంగ్లాండు వాయవ్య తీరాన, లాంకషైర్ ప్రాంతంలో బ్లాక్‌పూల్ అనే ఊరుంది. మనవాళ్ళకు విశాఖ బీచ్ ఎలాగో, అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసిన కుటుంబాలకు తరతరాలుగా బ్లాక్‌పూల్ అలాగ. 1894లో తెరిచిన పొడవాటి ఇనుప టవరు, సముద్రంలోకి చొచ్చుకుపోయిన మూడు పియర్లు, ఒడ్డు వెంబడి ట్రాములు, ఇసుక మీద గాడిదలు. అవును, గాడిదలే. మెడలో గంటలు, నుదుటి పట్టీ మీద పేర్లు, వీపున చిన్న జీను. పిల్లల్ని ఎక్కించుకుని ఇసుకలో కొంత దూరం నడిచి మళ్ళీ వెనక్కి వస్తాయి. ఇంగ్లీషు పిల్లలకు సముద్రం అనగానే గుర్తొచ్చే వాటిలో ఈ గాడిదల వరుస ఒకటి.

నాకూ గుర్తుంది. 1973 వేసవి. నాకు ఏడేళ్ళు. నాన్నగారు ఆ ప్రాంతంలోనే ఒక ఆసుపత్రిలో డాక్టరు. అరవైలు, డెబ్బైలలో మన దగ్గర్నుంచి అలా వెళ్ళిన డాక్టర్లు చాలామందే. మేము వెళ్ళే మెథడిస్టు చర్చి సండేస్కూలు వాళ్ళు వేసవిలో ఒక శనివారం పిల్లలందరినీ బస్సులో బ్లాక్‌పూల్‌కు తీసుకెళ్ళారు. దిగీ దిగగానే అందరం గాడిదల వైపు పరుగెత్తాం. చురుకైనవాళ్ళు ముందున్న గాడిదల్ని పట్టేశారు. నాకు మిగిలింది వరుస చివరిది. బూడిదరంగు ఆడగాడిద, చెవులు వెనక్కి వాల్చుకుని ఉంది. దాని పక్కనున్న గాడిద మీద ఎవరైనా చెయ్యి వేస్తే పళ్ళు బయటపెట్టేది. పెద్దపిల్లలు దాన్ని చూసి నవ్వారు. వాళ్ళలో నల్లగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ నవ్వు నన్ను చూసి కూడా అనుకున్నాను. పిల్లల లెక్కలు అలాగే ఉంటాయి.

అందరూ బయల్దేరారు. నా గాడిద ఇరవై అడుగులు వేసి ఆగిపోయింది. కళ్ళెం లాగాను, కదల్లేదు. మడమలతో డొక్కలో పొడిచాను. రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. ముందు వెళ్ళినవాళ్ళు అప్పుడే తిరిగి వస్తున్నారు. నా చేతిలో ఇసుక తవ్వుకోవడానికి కొనిచ్చిన చిన్న చెక్క పార ఉంది. దానితో దాని మెడ మీద కొట్టాను. మూడుసార్లు కొట్టినట్టు గుర్తు. ఈ మూడు అనే అంకె తరవాత బైబిలు చదివాక నేనే చేర్చుకున్నానేమో తెలియదు గానీ, కొట్టడం మాత్రం నిజం.

గాడిదల యజమాని వచ్చాడు. ముసలాయన. నన్ను తిట్టలేదు, అసలు నా వైపు చూడలేదు. గాడిద పక్కన వంగి, ముందు కాలు ఎత్తి, జేబులోంచి ఇనుప కొక్కెంలాంటిది తీసి గిట్టలో ఇరుక్కున్న గవ్వముక్కను తవ్వి తీశాడు. నన్ను దించి, డబ్బులు తిరిగి నా చేతిలో పెట్టి, ఇది పదకొండు వేసవులుగా తన దగ్గర పనిచేస్తోందనీ, ఊరికే ఆగదనీ, ఆగిందంటే దిగి చూడాలనీ చెప్పాడు. గాడిదను నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. నేను ఆ డబ్బుతో ఐస్‌క్రీమ్ కొనుక్కుని మొత్తం తినేశాను. సిగ్గు అప్పుడు రాలేదు. రాత్రి బస్సులో వచ్చింది. ఇంటికి వెళ్ళాక అమ్మకు కూడా చెప్పలేదు.

మన భాషలో గాడిదకు మర్యాద లేదు. తిట్టాలంటే గాడిద, మొండివాడంటే గాడిద, గంధం వాసన తెలియనిది గాడిద. కానీ దాన్ని దగ్గరగా చూసినవాళ్ళ మాట వేరు. గుర్రం గడ్డి మైదానాల జంతువు. భయం వేస్తే మందతోపాటు పరుగెత్తుతుంది. గాడిద పూర్వీకులు ఆఫ్రికాలోని రాళ్ళూ ఎడారులూ ఉన్న చోట బతికాయి. అక్కడ గుడ్డిగా పరుగెడితే కాలు విరుగుతుంది. అందుకే గాడిద అనుమానం వస్తే నిలబడిపోతుంది, చూస్తుంది, తేల్చుకున్నాకే అడుగేస్తుంది. దాన్ని మనం మొండితనం అన్నాం. ఏడు వేల ఏళ్ళ కిందట తూర్పు ఆఫ్రికాలో మనిషి దాన్ని మచ్చిక చేసుకున్నాడని 2022లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. అన్ని వేల ఏళ్ళు మన బరువు మోసినా ఆ గుణం పోలేదు. ఇంకో సంగతి, అది నొప్పిని బయటపెట్టదు. బాగా ముదిరితే తప్ప చూసేవాళ్ళకు తెలియదు. తోడు గాడిదతో గట్టి బంధం పెంచుకుంటుంది, విడదీస్తే తిండి మానేసేవీ ఉన్నాయి. నా గాడిద పక్కనున్నది పళ్ళెందుకు చూపించిందో నాకిప్పుడు అర్థమవుతోంది.

బ్లాక్‌పూల్‌లో 1942 నుంచి ఈ గాడిదల కోసం రాతపూర్వకమైన నియమాలున్నాయి. ఉదయం పదికి ముందు, సాయంత్రం ఏడు తరవాత పని చేయించకూడదు. మధ్యలో గంటసేపు విశ్రాంతి ఇవ్వాలి. వారానికొకరోజు, శుక్రవారం, సెలవు. మేము శనివారం వెళ్ళాం గనుక సరిపోయింది. ఆ నియమాలు రాసినవాళ్ళు నిర్గమకాండము చూసి రాశారో లేదో గానీ, ఏడవ దినాన నీ ఎద్దును, నీ గాడిదను విశ్రమింపనివ్వాలని దేవుడు మోషేతో ఏనాడో చెప్పాడు (23:12). దానికి కాస్త ముందే, నీ పగవాడి గాడిద బరువు కింద పడి ఉంటే చూసి తప్పుకోవద్దు, విడిపించమన్నాడు (23:5). ఆ మాటలో నన్ను ఆపేది పగవాడు అన్న ముక్క. గాడిద ఎవరిదన్నది లెక్కలోకి రాదన్నమాట. మన ఊళ్ళలో చాకిరేవు గాడిదలకు ఏ రోజు సెలవిచ్చామో నాకైతే గుర్తు లేదు. ఇప్పుడు అవీ కనబడటం లేదు. 2012 పశుగణనలో దేశంలో 3 లక్షలకు పైగా ఉన్న గాడిదలు 2019 నాటికి సుమారు 1.2 లక్షలకు పడిపోయాయి.

యెరూషలేములోకి యేసుప్రభువు ఎక్కి వచ్చిన పిల్ల మీద అంతవరకూ ఎవరూ కూర్చోలేదని మార్కు రాశాడు (11:2). ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే. మచ్చిక కాని గాడిదపిల్ల, చుట్టూ జనం కేకలు, కాళ్ళ కింద పరిచిన బట్టలు, కొమ్మలు. ఏ గాడిదైనా అక్కడే నాలుగు కాళ్ళూ పాతేస్తుంది. మత్తయి మాత్రం తల్లిగాడిదను కూడా తోలుకొచ్చారని చెప్పాడు (21:2, 7). అది జెకర్యా ప్రవచనం నెరవేర్పు అని బోధకులు చెబుతారు, నిజమే. కానీ బ్లాక్‌పూల్ ముసలాయన ఉంటే ఇంకో మాట కూడా అనేవాడు, పిల్ల బెదరకుండా తల్లిని పక్కన నడిపించారని.

ఇక బిలాము గాడిద. సంఖ్యాకాండము 22వ అధ్యాయం. సండేస్కూలులో ఈ కథ చెప్పినప్పుడు పిల్లలందరూ గాడిద మాట్లాడిందని నవ్వుతారు. మోయాబు రాజు బాలాకు ఇశ్రాయేలీయులను శపించమని బిలామును పిలిపించాడు. దారిలో దేవుని దూత కత్తి దూసి నిలబడ్డాడు. దైవదర్శనాలు చూసేవాడని పేరున్న బిలాముకు దూత కనబడలేదు. గాడిదకు కనబడ్డాడు. అది మొదట దారి తప్పి పొలంలోకి వెళ్ళింది. రెండోసారి గోడకు ఒరుసుకుంది, బిలాము కాలు నలిగింది. మూడోసారి పక్కకు తిరిగే చోటు లేక కూలబడింది. మూడుసార్లూ కొట్టాడు. నా చేతిలో కత్తి ఉంటే నిన్ను చంపేసేవాణ్ణని కూడా అన్నాడు. కత్తి ఎవరి చేతిలో ఉందో, ఎవరి కోసం ఉందో ఆయనకు తెలియదు.

అప్పుడు గాడిద అడిగిన ప్రశ్న ఉందే, దాని మీద నేను విన్న ప్రసంగాలు తక్కువ. ఇన్నాళ్ళూ నువ్వు ఎక్కి తిరిగిన గాడిదను నేనే కదా, ఎప్పుడైనా నీకు ఇలా చేశానా అని అడిగింది. బిలాము జవాబు ఒక్కటే మాట, లేదు. ఆ మాట అన్న తరవాతే అతని కళ్ళు తెరుచుకున్నాయి. గాడిద తప్పుకోకపోయి ఉంటే నిన్ను చంపి దాన్ని బతకనిచ్చేవాణ్ణని దూత చెప్పాడు (22:33).

ఇంత తెలిసి కూడా నేనేం చేశానో చెప్పాలి.

మేము 1977లో తిరిగి వచ్చేశాం. అప్పటినుంచి అమ్మ మా ఊరి చర్చిలోనే ఉంది. స్త్రీల సమాజం, సండేస్కూలు, క్రిస్మస్‌కు మెట్లు కడగడం, అన్నిట్లోనూ. నాన్నగారు పోయి తొమ్మిదేళ్ళయింది. అమ్మకిప్పుడు ఎనభై మూడేళ్ళు. గత ఏడాది ఒక ఆదివారం, నేను రాను, మీరు వెళ్ళి రండి అంది. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. మరుసటి ఆదివారమూ అదే మాట. టీవీలో ప్రసంగం వింటానంది. మూడో ఆదివారం చీర కట్టుకుని కూర్చుని, ఆటో వచ్చాక, రాను అంది. నాకు కోపం వచ్చింది. పాస్టరుగారు రెండుసార్లు అడిగారు, ఏమనుకుంటారు, ముసలితనంలో ఇంత మొండితనమేంటి అని గొంతు పెంచాను. చెయ్యి పట్టుకుని లేపబోయాను.

అమ్మ చెయ్యి విడిపించుకుంది. "నలభై ఏళ్ళ పైబడి ఆ గుడికే వస్తున్నాను కదరా. ఏ ఆదివారమైనా మానానా?" అంది.

లేదు అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకు కాళ్ళు ఆడలేదు. అమ్మను గాడిదతో పోల్చానని ఎవరూ నొచ్చుకోవద్దు. ఆ అధ్యాయంలో దానికంటే మర్యాదస్తులు నాకు కనబడలేదు. ఆటోను పంపేశాను. కారణం అమ్మ నాతో చెప్పలేదు. సాయంత్రం నా భార్య చెప్పింది. "అత్తయ్యగారు చర్చిలో బాత్రూముకు వెళ్ళలేకపోతున్నారండీ. నెల కిందట చీర పాడైంది. చివరి పాట అయ్యేదాకా లేవకుండా కూర్చున్నారట. మీకు చెప్పొద్దన్నారు."

మా చర్చిలో ఆరాధన రెండున్నర గంటలు. సంస్కారపు ఆదివారమైతే మూడు దాటుతుంది. బాత్రూము వెనకవైపు, నాలుగు మెట్లు దిగాలి, పట్టుకోవడానికి ఏమీ లేదు, కింద కూర్చునే రకం. ఇన్నేళ్ళుగా నేను ఆ చర్చిలో కమిటీ సభ్యుణ్ణి. రంగులు వేయించాం, మైకులు మార్చాం, వేదిక మీద టైల్స్ వేయించాం. ఆ నాలుగు మెట్లు దిగి చూడలేదు.

కమిటీలో విషయం పెట్టినప్పుడు, కొత్త స్పీకర్లకు ఉంచిన డబ్బు దీనికెందుకని ఒకరన్నారు. ఇది ప్రార్థించి నిర్ణయించాల్సిన సంగతి అని ఇంకొకరన్నారు. నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. పాస్టరుగారే చివరికి, ముందు ఇదే చేద్దాం అన్నారు. రెండు నెలల్లో పక్క వరండాలో, మెట్లు లేకుండా, కూర్చోవడానికి వీలైన కమోడ్, గోడకు స్టీలు పట్టీ, బయట చిన్న లైటు పెట్టించాం. తలుపు దగ్గరి చివరి రెండు బెంచీలు పెద్దవాళ్ళకు వదిలేశాం. మధ్యలో లేచి వెళితే ఎవరూ వెనక్కి తిరిగి చూడొద్దని పాస్టరుగారు ఒకసారి వేదిక మీదనుంచే చెప్పారు.

అమ్మ వచ్చింది. చివరి బెంచీలో, తలుపు పక్కన. నెల తిరిగేసరికి ఇంకో ముగ్గురు పెద్దావిడలు ఆ బెంచీలో చేరారు. వాళ్ళు రావడం మానేసి ఏడాది దాటింది. ఒకావిడకు కోడలితో పడక రావడం లేదనుకున్నాం, ఒకావిడ వేరే సంఘానికి వెళ్ళిపోయిందనుకున్నాం. మూడో ఆవిడ గురించి ఏమీ అనుకోనే లేదు.

ఆ రాత్రి బస్సులో దాచుకున్న సంగతి ఈ మధ్యే అమ్మకు చెప్పాను. యాభై ఏళ్ళు దాటాక. అమ్మ అంతా విని, "దాని పేరేంట్రా?" అంది. నుదుటి పట్టీ మీద రాసే ఉంటుంది. నేను చదవలేదు.